పొట్లం చుట్టూ ఆరు చేతులు

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులు తాకి మొదటి ప్రమాద హెచ్చరిక జారీ కాగానే కోనసీమ లంకల్లో పశువులను ఏటిగట్టు మీదికి తోలడం మొదలవుతుంది. 13.75 అడుగులకు రెండో హెచ్చరిక వచ్చేసరికి కాజ్‌వేలు మునిగి పడవలు దిగుతాయి. 17.75 అడుగుల మూడో హెచ్చరికతో కెమెరాలు దిగుతాయి. 2022 జూలైలో ఈ మూడు మెట్లూ కొద్ది రోజుల్లోనే దాటి, వరద 25 లక్షల క్యూసెక్కులు మించి సముద్రంలో కలిసింది. 1986 ఆగస్టులో వచ్చిన 35 లక్షల క్యూసెక్కుల వరదను చూసిన పెద్దలు దీన్ని రెండో తరగతిలో వేస్తారు గాని, కెమెరాల సంఖ్యలో మాత్రం 86 దీని ముందు నిలవదు.

అలాంటి రోజుల్లో గట్టు మీద ఎక్కడ చూసినా కనబడే దృశ్యం ఒకటుంది. ట్రాక్టరు తొట్టిలో పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు, నీళ్ళ సీసాలు. తొట్టికి కట్టిన ఫ్లెక్సీ నిండా దాతల ముఖాలు. వరసలో ముందున్న ముసలమ్మ చెయ్యి చాచుతుంది. పొట్లం మీద ఒక్కసారిగా ఆరు చేతులు పడతాయి: ఇచ్చేవి అయిదు, పుచ్చుకునేది ఒకటి. "ఇటు చూడు మామ్మా, ఒక్క నిమిషం" అంటాడు ఫోను పట్టుకున్న కుర్రాడు. ఆ నిమిషం పొట్లం గాలిలోనే ఉంటుంది. ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుంటే, పక్కనున్న పెద్దమనిషి కాస్త తీయమంటాడు.

సాయంత్రానికి ఆ ఫోటో తిరిగి తిరిగి ఆమె మనవడి ఫోనుకే వస్తుంది. కింద "సర్వం కోల్పోయిన అభాగ్యులకు ఆపన్న హస్తం" అని ఉంటుంది. ఆమె సర్వం కోల్పోలేదు. బియ్యం డబ్బా, టీవీ అటకెక్కించి వచ్చింది. గేదె గట్టు మీద ఉంది. కొడుకు పడవ వేసుకుని ఇంటికి కాపలా వెళ్ళాడు. ఆమెకు కావలసింది నాలుగు రోజుల తిండి, తాగే నీరు, గేదెకు ఎండుగడ్డి. మొదటి రెండూ వచ్చాయి, మూడోది రాలేదు. గడ్డిమోపు ఫోటోలో బాగుండదు.

దూరాన ఉన్నవారి కష్టాన్ని సహాయ సంస్థలు ఎలా చూపాలి అనే చర్చ ప్రపంచంలో దశాబ్దాలుగా నడుస్తోంది. ఆ చర్చలో తేలని చిక్కులన్నీ ఈ గట్టు మీది తతంగంలో ఉన్నాయి. ఇక్కడ "దూరం" అంటే మైళ్ళ లెక్క అనుకుంటే పొరపాటు. ట్రాక్టరు వచ్చింది పది కిలోమీటర్ల అవతలి పట్నం నుంచే. బొమ్మలో ఉన్న మనిషి ఆ బొమ్మను తాను చూడగలదా, కింద రాసిన మాట చదవగలదా, తప్పుంటే తప్పని చెప్పి దించేయించగలదా? ఈ మూడింటికీ జవాబు "లేదు" అయితే పక్క వీధి కూడా దూరమే.

ఈ దూరం ఎంత పాతదో తెలియాలంటే ధాత కరువు దాకా వెళ్ళాలి. 1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధానిని (అంటే మద్రాసు ప్రెసిడెన్సీని) పీల్చి పిప్పి చేసిన ఆ కరువులో దేశం మొత్తం మీద యాభై లక్షలకు పైగా చనిపోయారని అంచనా. విల్లబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి అప్పుడు ఎముకల గూళ్ళలా మారిన కుటుంబాలను వరసగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. ఆ బొమ్మలు ఇంగ్లాండులో చాలా మందిని కదిలించాయి. లండన్‌లో మేయరు ఆధ్వర్యంలో కరువు నిధికి చందాలు పోగయ్యాయి. అదే సమయంలో, హూపర్ ఆ మనుషులను పోగుచేసి, తనకు కావలసినట్టు కూర్చోబెట్టుకుని, పని కాగానే తిండి పెట్టకుండా పంపేశాడన్న విమర్శ కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. పదేళ్ళు తిరగకముందే బర్మాలో మరణశిక్షలు అమలవుతుండగా తూటా తగిలే క్షణాన్ని పట్టుకోవాలని చూసి విచారణ ఎదుర్కొన్నదీ ఇతనే. ఒక మనిషి స్వభావంతో మొత్తం వృత్తిని తూచకూడదు. అయినా కరువు ఫోటోగ్రఫీ పుట్టుకలోనే ఈ మచ్చ ఉందన్నది మరవదగింది కాదు.

డెల్టా పాఠకుడికి ఆ ఫోటోల్లో తట్టవలసింది ఇంకొకటుంది. ఆ కరువులో గోదావరి డెల్టా దాదాపు తప్పించుకుంది. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్ట వల్ల కాలువల కింద పంట పండింది. అంతకు ముందు డెల్టా కూడా కరువులకు అతీతం కాదు. 1821లో 7.38 లక్షలున్న రాజమహేంద్రవరం జిల్లా జనాభా, కరువులు, తుపానులు, వలసల దెబ్బకు 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. 1833 నాటి కరువుకు జనం పెట్టుకున్న పేర్లలో ఒకటి డొక్కల కరువు. కెమెరా ఇంకా పుట్టని రోజుల్లో ఆ పేరే ఫోటో. డొక్కలు లెక్కపెట్టగలిగేలా బయటపడిన మనిషి ఆ ఒక్క మాటలో కనబడతాడు. అయితే ఆ బొమ్మ గీసుకున్నవాళ్ళు ఆ కరువు పడ్డవాళ్ళే. హూపర్ బొమ్మలకూ ఈ పేరుకూ తేడా అక్కడుంది.

ఒకే రాజధానిలో కాలువ ఉన్న చోట జనం తిన్నారు, లేని చోట చచ్చారు. రైళ్ళ మీద పెట్టిన డబ్బులో కొంత కాలువల మీద పెట్టి ఉంటే ఇది జరిగేది కాదని ముసలితనంలో కాటన్ లండన్‌లో పోట్లాడింది దీని మీదే. పైగా అంత కరువులోనూ దేశం నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. హూపర్ ఫోటోల్లో ఇవేవీ లేవు. అక్కడున్నది ఎముకలు, ఆకలి, వట్టి నేల. చూసినవాడికి జాలి కలుగుతుంది, జేబులోకి చెయ్యి పోతుంది, వానదేవుడి మీద కోపం వస్తుంది. పన్ను వసూలు చేసిన దొర మీద మాత్రం రాదు.

నూరేళ్ళ తరవాత ఇథియోపియాలోనూ ఇదే జరిగింది. 1984 అక్టోబరు 23న మైకేల్ బ్యూర్క్ వార్తాకథనం, మొహమ్మద్ అమీన్ కెమెరా కలిసి కోరెం శిబిరంలోని ఆకలి చావులను బీబీసీ ద్వారా లోకం ముందు పెట్టాయి. దాన్ని బైబిలు నాటి కరువుతో పోల్చారు. 1985 జూలై 13న లండన్, ఫిలడెల్ఫియాల్లో కరువు సాయం కోసం జరిగిన లైవ్ ఎయిడ్ సంగీత కచేరీలు ఆ కదలికకు పరాకాష్ఠ. ఎన్నో ప్రాణాలు నిలిచాయి, అందులో సందేహం లేదు. అయితే ఉత్తర ప్రాంతంలో తిరుగుబాటుదారుల మీద ఆ దేశపు సైనిక ప్రభుత్వం సాగిస్తున్న యుద్ధం, జనాన్ని బలవంతంగా దక్షిణానికి తరలించడం కరువును ఎంత పెంచాయో ఆ బొమ్మల్లో కనబడలేదు. ఆ తరలింపులను బాహాటంగా విమర్శించిన ఫ్రెంచి వైద్య బృందాన్ని 1985 చివర్లో దేశం నుంచి వెళ్ళగొట్టారు. ఏడ్చే బొమ్మకు అడ్డు చెప్పని ప్రభుత్వం ఎందుకు అని అడిగిన నోటిని మూయించింది.

మరి ముఖమే ఎందుకు? సంస్థల వాళ్ళు రాతిగుండెవాళ్ళు కారు, లెక్క తెలిసినవాళ్ళు. 2007లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో, ఒక సర్వేలో పాల్గొన్నందుకు కొంతమందికి అయిదు డాలర్లు ఇచ్చి, అందులో ఎంత దానం చేస్తారో చూశారు. మాలి దేశపు రోకియా అనే ఏడేళ్ళ పాప కథ చదివినవారు సగటున 2.38 డాలర్లు ఇచ్చారు. లక్షల మంది ఆకలి గణాంకాలు చదివినవారు 1.14 ఇచ్చారు. పాప కథతో పాటు గణాంకాలు కూడా చూసినవారు 1.43 దగ్గర ఆగారు. మూడో అంకె కలవరపెడుతుంది. సమస్య ఎంత పెద్దదో చెప్పగానే చెయ్యి వెనక్కి పోయింది. ఈ ఫలితం చూసిన ఏ ప్రచార నిర్వాహకుడైనా నివేదికను పక్కన పెట్టి పాప ఫోటో తీస్తాడు. తీయకపోతే పక్క సంస్థ తీస్తుంది. ఆ పోటీలో ప్రతి ఏడాదీ కళ్ళు కాస్త పెద్దవవుతాయి, కడుపు కాస్త లోపలికి పోతుంది.

దూరం నీతికి అడ్డు కాదని బలంగా వాదించినవాడు తత్వవేత్త పీటర్ సింగర్. తూర్పు బెంగాల్ శరణార్థులు భారత్‌లోకి వెల్లువెత్తుతున్న 1971లో రాసి 1972లో ప్రచురించిన వ్యాసంలో ఆయన ఇచ్చిన ఉదాహరణ అందరికీ తెలిసిందే: లోతులేని చెరువులో పిల్లవాడు మునిగిపోతుంటే, బట్టలు బురదవుతాయని చూస్తూ ఊరుకునేవాడు ఉంటాడా? మరి పిల్లవాడు వేల మైళ్ళ అవతల ఉన్నంత మాత్రాన లెక్క ఎందుకు మారాలి? తర్కంలో లొసుగు వెతకడం కష్టం. కాని ఆ చెరువును అమలాపురం పక్క పల్లెలో పెట్టి చూస్తే వింతగా ఉంటుంది. సింగర్ చెరువు గట్టున మునిగేవాడు, చూసేవాడు తప్ప ఊరు లేదు. పిల్లవాడికి పేరు లేదు, తల్లి లేదు. ఎవరిదీ ఆ చెరువు, మెట్లు ఎందుకు విరిగాయి, మొన్న కూడా ఒకడు పడ్డాడు కదా అని అడిగేవారు లేరు.

డెల్టాలో కాలువకు గండి పడితే ఏమవుతుందో చూడండి. ఇసుక బస్తాలు, తాటి దుంగలు, కొబ్బరి మట్టలు పట్టుకుని ఊరంతా వస్తుంది. పూడ్చుతూనే తిట్లు మొదలవుతాయి. కాలువ కాపలా చూసే లస్కరు ఏమయ్యాడు? లాకు తలుపులు ఎందుకు ఎత్తలేదు? గట్టు మట్టి తవ్వుకుపోయిందెవరు? పోయినేడు పని చేసినట్టు బిల్లు ఎత్తిన గుత్తేదారు ఎవడు? చేతులు సాయం చేస్తుంటాయి, నోళ్ళు నిలదీస్తుంటాయి, రెండూ ఒకే పూట. జాలిని మాత్రమే పిండే ప్రచారం ఈ రెండింటినీ విడదీస్తుంది. గండి పూడ్చమంటుంది గాని ఎందుకు పడిందని అడగనివ్వదు. దాని మీద ఉన్న అసలు అభ్యంతరం ఇదే. పేదరికాన్ని అంగట్లో పెడుతున్నారన్న మామూలు నింద కన్నా ఇది బరువైనది.

కారణం సంగతి అలా ఉంటే, ఫోటోకు అసలు లొంగని కష్టాల జాబితా ఇంకా పెద్దది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి మత్స్యకార గ్రామాల నుంచి వేటకు పోయినవాళ్ళలో ఎందరో తిరిగి రాలేదు. శవం ఉంటే బొమ్మ ఉంటుంది. సముద్రంలో కలిసిపోయినవాడికి బొమ్మ లేదు, ఒడ్డున ఎదురుచూసిన ఇల్లాలికి మాత్రం ఉంటుంది. అదే తుపాను పడగొట్టిన కొబ్బరి తోటల ఫోటోలు చూడటానికి భీకరంగానే ఉంటాయి. కాని దేశవాళీ కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్ళు పడుతుంది, ఆ ఆరేడేళ్ళు కాయల దింపు లేని రైతు, దింపు కూలీ, పీచు పని చేసే ఆడవాళ్ళు ఏం తిన్నారన్నది ఫోటో కాదు. సహాయ ప్రచారం ఆయుష్షు రెండు మూడు వారాలు. కొబ్బరి చెట్టు దానితో పరుగు పెట్టలేదు.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వేల ఎకరాల్లో నాట్లు వేయకుండా పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు కాని ధర, పెరిగిన కూలి, పూడికతో నిండి నీరు లాగని డ్రెయిన్లు కారణాలు. దేశమంతా ఆశ్చర్యపోయింది. ధాన్యాగారంలో పంట మానేయడమా? దాన్ని ఫోటో తీయబోయినవాళ్ళకు దొరికింది ఖాళీ చేను, గట్టున నిలబడిన మామూలు మనిషి. బక్కచిక్కి లేడు, ఏడవడం లేదు, చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. ఏ దాతా ఆ బొమ్మ చూసి డబ్బు పంపడు. వరద వచ్చినప్పుడు కౌలు రైతుది కూడా ఇదే అవస్థ. పంట అతనిది, పరిహారం చాలాసార్లు భూమి కాగితాలు ఎవరి పేరున ఉంటే వారికి. మునిగిన చేను ఫోటోలో కౌలుదారు, యజమాని ఒకేలా కనబడతారు.

ఈ డెల్టాయే దూరాన ఉన్న కష్టాన్ని కూడా చూస్తుంది, తన ఆడపిల్లల ముఖాల్లోనే. గోదావరి జిల్లాల నుంచి ఇంటి పనికి కువైట్, ఒమన్ వెళ్ళిన స్త్రీలు జీతం ఇవ్వడం లేదని, పాస్‌పోర్టు లాక్కున్నారని, కొడుతున్నారని ఫోనులో చెప్పుకుని పంపిన వీడియోలు ఇక్కడి టీవీల్లో తరచూ వస్తుంటాయి. అందులో ఫోను పట్టుకున్నదీ ఆమే, మాట్లాడేదీ ఆమే. ఏ సంస్థా రాసిపెట్టిన రాత కాదు. అలాంటి వీడియోల్లో ఏడుపుతో పాటు ఏజెంటు పేరు, కట్టిన డబ్బు, వెళ్ళిన దారి వినిపిస్తుంటాయి. వాటిని శ్రద్ధగా విన్నవాడికి ఫిర్యాదు పత్రానికి కావలసిన సమాచారమంతా దొరుకుతుంది. ప్రసారంలో మిగిలేది చాలాసార్లు "నన్ను కాపాడండి" అన్న చివరి పది సెకన్లు, దాని వెనక విషాద సంగీతం. ఆమె ఇంటికి వచ్చి, పిల్ల పెళ్ళి చేసి, పాత సంగతి మరిచిపోదామనుకున్నా ఆ పది సెకన్లు తిరుగుతూనే ఉంటాయి. తనంతట తాను తీసుకున్న వీడియోయే ఇంత చేస్తే, ఇతరులు తీసిన ఫోటోల సంగతి చెప్పనక్కరలేదు.

నియమాలు లేవని కాదు. 1994లో రెడ్ క్రాస్, రెడ్ క్రిసెంట్ ఉద్యమం, కొన్ని పెద్ద స్వచ్ఛంద సంస్థలు కలిసి ఒప్పుకున్న ప్రవర్తనా నియమావళిలోని పదో సూత్రం, ప్రచారంలో విపత్తు బాధితులను దిక్కులేని వస్తువులుగా కాక గౌరవం గల మనుషులుగా చూపాలంటుంది. మన దేశంలో 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్, సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదంటుంది. అవి చదివి, సంతకాల పత్రం తయారు చేసుకుని వచ్చే సంస్థలూ ఉన్నాయి. పత్రం ఇంగ్లీషులో ఉంటుంది, వేలిముద్ర వేయించుకుంటారు. ఒక చేతిలో బియ్యం సంచి పెట్టి రెండో చేతి వేలిముద్ర అడిగితే కాదనేది ఎవరు? సంచి ఇచ్చి, ఇంటికి పంపి, మూడు రోజుల తరవాత వచ్చి తెలుగులో అడిగితే దాన్ని ఒప్పుకోలు అనవచ్చు.

ఏడుపు బొమ్మల మీద విమర్శ ముదిరాక నవ్వే బొమ్మలు వచ్చాయి. కొత్త బడిసంచీ పట్టుకుని పళ్ళు బయటపెట్టి నవ్వే పిల్లలు, చేతిపంపు దగ్గర బిందెతో మురిసిపోయే ఆడవాళ్ళు. కంటికి హాయిగానే ఉంటుంది. అయితే ఆ నవ్వు కూడా అడిగి పుట్టించిందే. ముందు ఆకలి నటించమన్నవారు ఇప్పుడు కృతజ్ఞత నటించమంటున్నారు. ఇక కృత్రిమ మేధతో అసలు లేని పిల్లను మునిగిన ఇంటి కప్పు మీద కూర్చోబెట్టే బొమ్మలు మొదలయ్యాయి. ఎవరి అనుమతీ అక్కరలేదు కదా అని సమర్థన. ఆ పిల్ల పుట్టలేదు నిజమే, ఆ ఇంటికప్పు ఏ ఊరిదో చూసేవాడికి తెలుసు, అవమానం ఆ ఊరికి చేరుతుంది.

బాధను అసలు చూపకూడదన్న వాదమూ ఉంది. అది తిండికి లోటు లేనివారి వాదం. రోడ్డు చివర, వంతెన లేని లంకకు నీళ్ళ ట్యాంకరు వచ్చిందంటే చాలాసార్లు అది ఎవరో వీడియో తీసి పెట్టడం వల్లే. ఆ వీడియోల్లో మంచివి ఎలా ఉంటాయో గమనిస్తే ఒక సంగతి పట్టుబడుతుంది. తీసేవాడు ఆ ఊరివాడే అయి ఉంటాడు. ముందు మునిగిన కాజ్‌వే చూపిస్తాడు, ఏ ఊరో, ఎన్ని ఇళ్ళో, ఎన్ని రోజులైందో, ఏ అధికారికి ఫోను చేశామో చెబుతాడు, ఏం కావాలో చెబుతాడు. ముఖాలు పక్కన ఎక్కడో ఉంటాయి. మామ్మ కూడా ఉండవచ్చు, గేదెకు గడ్డి లేదని కేకలేస్తూ.

ఫోటో అనగానే ఈ ప్రాంతంలో గుర్తుకొచ్చే పేరు డొక్కా సీతమ్మది. 1841 నుంచి 1909 వరకు జీవించిన ఆమె లంకల గన్నవరంలో ఏరు దాటి వచ్చేవారికి వేళ కాని వేళ అన్నం పెట్టి అపర అన్నపూర్ణ అనిపించుకుంది. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి ఆహ్వానం వస్తే వెళ్ళలేదని, కనీసం ఫోటో అయినా కావాలంటే దానికీ ఒప్పుకోలేదని, పంపకపోతే తన ఉద్యోగానికే ముప్పని అధికారి బతిమాలితే సరేనందని ఇక్కడ చెప్పుకుంటారు. ఆ కథలో ఎంత చరిత్రో, ఎంత అభిమానమో విడదీయడం కష్టం. ఆమె ఫోటో ఉంది. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించే అక్విడక్టుకు ఆమె పేరు ఉంది. ఆమె చేతి అన్నం తిన్నవారిలో ఒక్కరి ముఖమూ ఎవరి దగ్గరా లేదు. వాళ్ళు ఆకలితో వచ్చారు, తిన్నారు, రేవు దాటి పోయారు.

లంకల్లో పాత పెంకుటిళ్ళు ఇంకా నిలిచి ఉన్న చోట, వీధి గోడ మీదో, గుడి స్తంభం మీదో మసిబొగ్గుతోనో, రంగుతోనో గీసిన గీత కనబడుతుంది. పక్కన 86 అని ఉంటుంది. కొన్ని చోట్ల దాని కిందుగా 2022 అని మరో గీత. ముఖం లేదు, కన్నీరు లేదు, దాత పేరు లేదు. కొత్తగా ఇల్లు కట్టుకునేవాడు మేస్త్రిని తీసుకొచ్చి ఆ గీత దగ్గర నిలబెట్టి, అరుగు ఎంత ఎత్తు లేపాలో చేత్తో చూపిస్తాడు.